తక్కువ ధరలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్: బాక్స్ మీది స్పీడ్ కంటే ముందు చూడాల్సినవి

512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నవాళ్లలో చాలామందికి ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి సీ డ్రైవ్ గీత ఎర్రగా మారిపోతుంది. విండోస్‌కి కొంత, రెండు పెద్ద గేమ్స్‌కి ఓ 200 జీబీ, ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్లకి ఇంకొంత, మిగిలిందంతా ఫోన్ నుంచి దింపిన ఫొటోలు, వీడియోలు. సరిగ్గా అప్పుడే నాకు ఫ్రెండ్స్ నుంచి మెసేజ్ వస్తుంది: "బ్రో, తక్కువలో మంచి హార్డ్ డిస్క్ ఒకటి చెప్పు." కిందే ఒక షాపింగ్ లింక్.

కంపెనీ సంగతి తర్వాత. నేను మొదట అడిగేది ఒక్కటే. అందులో పెట్టినవాటిని రోజూ అక్కడి నుంచే వాడతావా, లేక దాచి ఉంచుతావా? ఈ జవాబు తేలితే బడ్జెట్ సగం తేలినట్టే.

దాచడానికైతే మామూలు హార్డ్ డిస్కే

ఫొటోలు, సినిమాలు, కాలేజీ ప్రాజెక్టులు, ఫోన్ బ్యాకప్‌లు దాచుకోవడానికి 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ చాలు. ఒక టీబీకి ఎంత పడుతోందో లెక్కేస్తే ఎస్‌ఎస్‌డీ కంటే ఇది బాగా చవక. అడాప్టర్ కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్ పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంది.

బాక్స్ మీద మాత్రం "5 జీబీపీఎస్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది కేబుల్ కెపాసిటీ. లోపల తిరిగే డిస్క్ ఇచ్చేది సెకనుకి 100 నుంచి 140 ఎంబీ, డిస్క్ చివరి భాగానికి వచ్చేసరికి అందులో సగం. 5 జీబీపీఎస్ పోర్టు నిజంగా 450 ఎంబీ దాకా మోయగలదు. అంటే ఎనిమిది లేన్ల రోడ్డు మీద ట్రాక్టర్ తోలినట్టు. రోడ్డు ఇంకా వెడల్పు చేస్తే ట్రాక్టర్ స్పీడ్ పెరగదు కదా! కాబట్టి హార్డ్ డిస్క్‌కి 10 జీబీపీఎస్ అని, టైప్-సి అని ఎక్కువ డబ్బులు పెట్టకండి. ఇంకో సంగతి, యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే. పేర్లు మార్చారంతే.

ఈ లెక్కన 100 జీబీ కాపీ అవడానికి పావుగంట పడుతుంది. నెలకోసారి చేసే బ్యాకప్‌కి ఇది పెద్ద ఇబ్బంది కాదు. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే మాత్రం కథ వేరు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ కాపీకి పెట్టి భోంచేసి రావచ్చు. (అసలు దాన్ని బ్యాకప్ చేయడమెందుకు అన్నది ఇంకో ప్రశ్న.)

స్పీడ్ 35-40 ఎంబీ దగ్గరే ఆగిపోతే డ్రైవ్‌ని తిట్టుకోకముందు కేబుల్ మార్చి చూడండి. కేబుల్ తేడాగా ఉన్నా, పాత పోర్టుకి పెట్టినా అది యూఎస్‌బీ 2.0 స్పీడ్‌కి పడిపోతుంది.

ఈ డిస్కుల్లో చాలావాటికి ఎస్‌ఎమ్‌ఆర్ అనే పద్ధతి ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కినట్టు, డేటా ట్రాకులు కూడా ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవాటిని కూడా కదపాలి. అందుకే అందులోనే ఫైళ్లు చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపే పనికి ఇది స్లో అయిపోతుంది. ఒకసారి రాసి దాచుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

అందులోంచే పని చేయాలంటే

గేమ్స్ అక్కడి నుంచే ఆడాలన్నా, 4కే వీడియో ఎడిట్ చేయాలన్నా, వర్చువల్ మెషీన్ నడపాలన్నా ఎస్‌ఎస్‌డీ తప్పదు. ఇక్కడ పోర్టు ముఖ్యం. "1000 ఎంబీ" అని రాసిన ఎస్‌ఎస్‌డీని 5 జీబీపీఎస్ పోర్టుకి పెడితే వచ్చేది అదే 450. 20 జీబీపీఎస్ మోడల్స్ జోలికైతే అస్సలు వెళ్లొద్దు, చాలా ల్యాప్‌టాప్‌ల పోర్టులు దాన్ని సపోర్ట్ చేయవు. మరీ చవక ఎస్‌ఎస్‌డీల్లో మొదటి కొన్ని జీబీలు రాకెట్‌లా వెళ్లి, క్యాష్ నిండగానే చతికిలబడతాయి. రివ్యూల్లో పెద్ద ఫైల్ టెస్ట్ ఉందేమో వెతకండి.

పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు తీసేసిన హార్డ్ డిస్క్ ఇంట్లో పడి ఉందా? కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేస్‌లో పెడితే అదే ఎక్స్‌టర్నల్ డ్రైవ్. సినిమాలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ వయసైపోయిన డిస్క్ కాబట్టి పోతే ఏడుపొచ్చేవి మాత్రం అందులో పెట్టకండి.

2 టీబీ ఒకటా, 1 టీబీ రెండా?

మన దగ్గర పెళ్లి ఫొటోగ్రాఫర్లు చాలామంది "హార్డ్ డిస్క్ మీరే తెచ్చివ్వండి, మొత్తం వేసిస్తాం" అంటారు. మా పెద్దమ్మ కూతురు పెళ్లికీ అంతే. రా ఫుటేజ్, ఫొటోలు, హల్దీ, సంగీత్, డ్రోన్ షాట్లు అన్నీ కలిపి 700 జీబీ పైనే. ఆ డ్రైవ్‌ని టీవీకి పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటే, ఓ బుడ్డోడు కేబుల్ లాగాడు. డిస్క్ తిరుగుతుండగానే స్టాండ్ మీంచి నేల మీద పడింది. అంతే, టిక్ టిక్‌మని శబ్దం తప్ప ఇంకేం లేదు. డేటా రికవరీ వాళ్లు డ్రైవ్ ధరకి ఐదు రెట్లు చెప్పారు, అదీ వస్తుందని గ్యారంటీ లేకుండా. వారంటీ ఉంది, కానీ వారంటీలో ఇచ్చేది ఖాళీ డ్రైవే. ఫొటోగ్రాఫర్ అప్పటికే తన సిస్టమ్‌లోంచి తీసేశాడు. బావ వాళ్ల తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఎడిటెడ్ వీడియో, ఓ ఆరొందల ఫొటోలు ఉండబట్టి సరిపోయింది. పెళ్లిలో తాతయ్య మాట్లాడిన క్లిప్‌లు మాత్రం రాలేదు. ఆయన ఇప్పుడు లేరు.

అందుకే నా ఓటు 1 టీబీవి రెండింటికి. ఒకటే 2 టీబీ కొంటే టీబీ లెక్కన చవకే, నిజం. కానీ ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో చెరిపేసి డ్రైవ్‌లో పెడుతున్నారంటే అది బ్యాకప్ కాదు, అడ్రస్ మారిందంతే. రెండో డ్రైవ్ ఊళ్లో అమ్మానాన్నల బీరువాలో ఉంటే ఇంకా మంచిది. ఒకేసారి రెండూ కొనలేకపోతే మొదటిది ఇప్పుడు, రెండోది నెక్స్ట్ సేల్‌లో.

కంపెనీ ఏదంటారా? ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసేది మూడే కంపెనీలు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. వేరే పేరుతో అమ్మే బాక్స్‌లోనూ ఉండేది వీటిలో ఒకటే. ఆ రోజు ఏది తక్కువకొస్తే అది, వారంటీ ఎన్నేళ్లో చూసి తీసుకోండి. ఫార్మాట్ విషయానికొస్తే, విండోస్‌తో పాటు మ్యాక్‌కి కూడా పెట్టాలంటే ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని మ్యాక్ చదువుతుంది గానీ అందులో రాయలేదు. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ కనిపిస్తుంది. మోసమేం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది.

అసలు మోసం వేరే ఉంది. ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి "16 టీబీ ఎస్‌ఎస్‌డీ" అని కనిపిస్తుంటుంది. లోపల చిన్న మెమరీ కార్డు లాంటిదే ఉంటుంది. ఫర్మ్‌వేర్ మాత్రం విండోస్‌కి 16 టీబీ అని అబద్ధం చెబుతుంది. మీరు వేసే ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే చాలావరకు తెరుచుకోవు. పైగా కింద ఐదు స్టార్ల రివ్యూలు. పెట్టగానే ఫోల్డర్ కనిపించింది కదా అని స్టార్లు ఇచ్చేసినవాళ్లే ఎక్కువ.

కాబట్టి ఏ డ్రైవ్ కొన్నా డబ్బాలోంచి తీసిన రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూడండి. కొత్త డ్రైవ్‌కి పవర్ ఆన్ అవర్స్ దాదాపు సున్నా ఉండాలి. వందల్లో ఉంటే అది ఎవరో వాడేసిందే. తర్వాత విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో గానీ లినక్స్‌లో గానీ ఎఫ్3 రన్ చేయండి. డ్రైవ్ మొత్తం నింపి, రాసిందంతా తిరిగి చదివి చూస్తుంది. 1 టీబీ హార్డ్ డిస్క్‌కి ఆరేడు గంటలు పడుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి, రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున్నే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మళ్లీ తెరవండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, పెండింగ్ సెక్టార్స్ రెండూ సున్నా ఉండాలి. ఒక్కటి కనిపించినా రిటర్న్ గడువు ఇంకా ఉండగానే వెనక్కి పంపేయండి.