ఖరీదైన చేతి యంత్రాలపై అదనపు పెట్టుబడి గిట్టుబాటవుతుందా? – జోగిపేట ప్రాంత రైతులకు గంటల లెక్క

సంగారెడ్డి జిల్లా అందోల్ – జోగిపేట ప్రాంతంలో వానాకాలం సాగులో పత్తి, వరి ముఖ్యమైనవి. పత్తిలో తొలి 60 రోజులు కలుపు లేకుండా కాపాడుకోగలిగితేనే పెట్టిన ఎరువు పంటకు అందుతుంది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే వానలు పడి నల్లరేగడిలో గుంటక దిగదు. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడల్లో ఏడాది పొడవునా పని దొరుకుతున్నందున కలుపు తీతకు కూలీలు దొరకడం కష్టమవుతున్నది. ఈ కారణాల వల్ల వీపుకు లేదా భుజానికి తగిలించుకొని వాడే బ్రష్ కట్టర్లు, చార్జింగ్ పంపులు, పవర్ స్ప్రేయర్లు, చెట్ల కొమ్మలు కోసే చైన్ సాలు చిన్న రైతుల ఇళ్లలోకి కూడా వచ్చాయి.

వీటిని కొనేటప్పుడు ప్రతి రైతుకూ ఒకే సందేహం ఎదురవుతుంది. చూడడానికి ఒకేలా కనిపించే రెండు బ్రష్ కట్టర్లలో ఒకటి తొమ్మిది వేలకు వస్తుంటే, పేరున్న కంపెనీది ముప్పై వేలు పలుకుతుంది. ఈ వ్యత్యాసం పేరుకే చెల్లిస్తున్నదా, పనికి చెల్లిస్తున్నదా అన్నది తెలుసుకోవాలంటే కొనుగోలు ధరను పక్కనపెట్టి, గంటకు అయ్యే ఖర్చును లెక్క కట్టాలి.

అదనపు ధర దేనికి చెల్లిస్తున్నాం?

బ్రష్ కట్టర్ ఇంజిన్ నిమిషానికి ఏడు, ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. ఇంత వేగంలో సిలిండరు లోపలి పూత, పిస్టన్ రింగులు, క్రాంక్ బేరింగుల నాణ్యతే యంత్రం ఆయుష్షును నిర్ణయిస్తుంది. నాణ్యమైన యంత్రాల్లో సిలిండరు గోడకు గట్టి లోహపు పూత ఉంటుంది. పొడవైన గొట్టంలో తిరిగే ఇరుసుకు తగినన్ని బుష్‌లు ఉండటం వల్ల అది ఊగిసలాడదు. గాలి వడపోత దుమ్మును బాగా ఆపుతుంది. పిడికి, ఇంజినుకు మధ్య అమర్చిన రబ్బరు లేదా స్ప్రింగు దిమ్మెలు అదురును తగ్గిస్తాయి. చౌక యంత్రంలో ఈ భాగాలన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. తేడా వాడకంలోనే బయటపడుతుంది.

సీసీ ఎక్కువగా ఉంటే యంత్రం బలమైనదని భావించడం పొరపాటు. సీసీ అనేది సిలిండరు పరిమాణాన్ని మాత్రమే తెలుపుతుంది. హోండా జీఎక్స్35 వంటి నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజిన్ పరిమాణం 35.8 సీసీ కాగా, మార్కెట్లో చౌకగా దొరికే రెండు స్ట్రోకుల యంత్రాలపై 43, 52 సీసీ అని రాసి ఉంటుంది. పోల్చవలసినది కిలోవాట్లలో ఇచ్చిన శక్తిని, గంటకు తాగే పెట్రోలును, బరువును. నాలుగు స్ట్రోకుల ఇంజినులో పెట్రోలులో నూనె కలపనవసరం లేదు, ఇంధనం తక్కువ పడుతుంది. అయితే ఇంజిన్ ఆయిల్‌ను వేరుగా చూసుకోవాలి.

గంటకు అయ్యే ఖర్చు: ఒక ఉదాహరణ

వ్యవసాయ యంత్రాల నిర్వహణ ఖర్చును లెక్కించడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 1979లో ఐఎస్ 9164 అనే మార్గదర్శిని వెలువరించింది. తరుగుదల, పెట్టుబడిపై వడ్డీ, మరమ్మతు, ఇంధనం ఇందులో ముఖ్యమైన అంశాలు. ఈ పద్ధతిని చేతి యంత్రాలకూ అన్వయించవచ్చు. కింది అంకెలు లెక్క తీరు చూపడానికి అనుకున్నవి మాత్రమే. రైతులు తమకు వర్తించే ధరలు వేసుకొని చూసుకోవాలి.

చౌక యంత్రం ధర రూ. 9,000, ఆయుష్షు 400 గంటలు, మరమ్మతు గంటకు రూ. 15, పెట్రోలు గంటకు 0.9 లీటరు అనుకుందాం. ఖరీదైన యంత్రం ధర రూ. 30,000, ఆయుష్షు 1,500 గంటలు, మరమ్మతు గంటకు రూ. 8, పెట్రోలు 0.7 లీటరు అనుకుందాం. నూనెతో కలిపి లీటరు ఇంధనం రూ. 110, వడ్డీ 10 శాతం, చివరికి మిగిలే విలువ కొన్న ధరలో 10 శాతం. ఎంత తక్కువ వాడినా రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు పాతబడతాయి కనుక ఏ యంత్రానికైనా గరిష్ఠ ఆయుష్షు 8 సంవత్సరాలు.

ఏడాదికి 40 గంటలు మాత్రమే వాడే రైతు: చౌక యంత్రానికి గంటకు తరుగుదల రూ. 25, వడ్డీ రూ. 12, మరమ్మతు రూ. 15, ఇంధనం రూ. 99 చొప్పున మొత్తం సుమారు రూ. 152 అవుతుంది. ఖరీదైన యంత్రానికి తరుగుదల రూ. 84, వడ్డీ రూ. 41, మరమ్మతు రూ. 8, ఇంధనం రూ. 77 చొప్పున సుమారు రూ. 211 అవుతుంది. ఈ రైతు ఖరీదైన యంత్రం కొంటే ఏడాదికి సుమారు రూ. 2,360 అదనంగా భరించవలసి వస్తుంది.

ఏడాదికి 300 గంటలు కిరాయికి తిప్పే యువకుడు: చౌక యంత్రం ఏడాదిన్నర లోపే అరిగిపోతుంది. గంట ఖర్చు సుమారు రూ. 136. ఖరీదైన యంత్రం ఐదేళ్లు నడుస్తుంది. గంట ఖర్చు సుమారు రూ. 108.50. ఏడాదికి రూ. 8,000 పైచిలుకు మిగులుతుంది.

ఈ అంకెల ప్రకారం రెండింటి ఖర్చు సమానమయ్యే చోటు ఏడాదికి సుమారు 92 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఇది పదిహేను రోజుల పని. ఇంతకంటే తక్కువ పని ఉన్నవారికి చౌక యంత్రం లేదా కిరాయి మేలు. ఎక్కువ పని ఉన్నవారికి చౌక యంత్రమే అసలైన ఖరీదైన యంత్రం అవుతుంది.

లెక్కలో కనిపించని నష్టం

యంత్రం నిలిచిపోయిన రోజుల విలువ పై లెక్కలో చేరలేదు. కిరాయిపై రోజుకు నికరంగా రూ. 700 మిగిలే వ్యక్తికి కలుపు అదనులో ఐదు రోజులు యంత్రం మూలపడితే రూ. 3,500 పోతుంది. అంటే చౌక యంత్రం ధరలో మూడో వంతుకు పైగా ఒక్క మరమ్మతుతోనే ఖర్చయినట్లు. సొంత పొలం ఉన్న రైతుకు నష్టం పంట రూపంలో వస్తుంది.

అందువల్ల విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్నది యంత్రం నాణ్యతతో సమానమైన ప్రశ్న. జోగిపేట సంగారెడ్డి – నాందేడ్ – అకోలా మార్గమైన 161వ జాతీయ రహదారిపై ఉంది. కార్బురేటర్, క్లచ్, స్టార్టర్ తాడు వంటివి జోగిపేటలో గాని, సంగారెడ్డిలో గాని అదే రోజు దొరికితే ఆ యంత్రానికి ఎక్కువ ధర చెల్లించవచ్చు. వారాల తరబడి ఎదురు చూడవలసి వస్తే ఎంత పేరున్న యంత్రమైనా ఆ ధరకు తగదు.

శరీరంపై పడే భారం

రెండవ నష్టం యంత్రం నడిపే మనిషిది. అదురు ఎక్కువగా ఉన్న పిడిని రోజుల తరబడి పట్టుకుంటే వేళ్లకు తిమ్మిరి, రక్తప్రసరణ లోపం వస్తాయి. యూరోపియన్ యూనియన్ 2002లో జారీ చేసిన ఆదేశం ప్రకారం చేతికి తగిలే అదురు ఎనిమిది గంటల సగటున సెకను వర్గానికి 5 మీటర్లు దాటరాదు. 2.5 మీటర్లు దాటితేనే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలి. అదురు రెట్టింపయితే అనుమతించే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. 10 మీటర్ల అదురు ఉన్న యంత్రాన్ని రెండు గంటలు పట్టుకుంటేనే ఆ రోజు పరిమితి నిండుతుంది.

శబ్దం విషయంలో 85 డెసిబెల్‌ల వద్ద ఎనిమిది గంటలు, ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు అందులో సగం సమయం చొప్పున అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 100 డెసిబెల్‌ల వద్ద ఆ సమయం 15 నిమిషాలే. ధర ఏదైనా చెవి కప్పులు, కంటి అద్దాలు, బూట్లు, బ్లేడు కవచం తప్పనిసరి. రోజంతా యంత్రం నడిపేవారు అదురు తక్కువున్న యంత్రానికి చెల్లించే అదనపు ధరను ఆరోగ్య ఖర్చుగా భావించాలి.

చార్జింగ్ పంపుల విషయం

బ్యాటరీ స్ప్రేయర్లలో ధర తేడా చాలావరకు బ్యాటరీదే. సాధారణంగా వచ్చే 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 96 వాట్ అవర్ల శక్తిని నిల్వ చేస్తుంది. దీన్ని పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే పలకలు పాడై త్వరగా పనికిరాకుండా పోతుంది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ తేలికగా ఉండి, ఎన్నో రెట్లు ఎక్కువసార్లు చార్జింగ్‌కు ఆగుతుంది. సీజనులో రోజూ మందు కొట్టేవారికి లిథియం గిట్టుతుంది. ఏడాదికి పది పన్నెండు సార్లు వాడేవారు లెడ్ యాసిడ్ బ్యాటరీనే నెలకోసారి చార్జింగ్ పెడుతూ కాపాడుకోవచ్చు.

ధర భారం తగ్గించుకునే మార్గాలు

ఐదుగురు రైతులు కలిసి ఒకే మంచి యంత్రం కొంటే 40 గంటల వాడకం 200 గంటలవుతుంది. పై అంకెల ప్రకారం చౌక యంత్రంతో పోలిస్తే గంటకు సుమారు రూ. 25 ఆదా అవుతుంది. అయితే యంత్రం సంరక్షణ ఒక్కరి బాధ్యతగా ఉండాలి. వాడిన గంటలు పుస్తకంలో రాయాలి.

2014–15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద అర్హులైన రైతులకు 40 నుంచి 50 శాతం వరకు, నిర్ణీత గరిష్ఠ పరిమితికి లోబడి రాయితీకి వీలుంది. నిధుల లభ్యతను మండల వ్యవసాయ అధికారి వద్ద తెలుసుకోవాలి. రాయితీతో రూ. 30,000 యంత్రం రూ. 18,000కు వచ్చిందనుకుంటే, ఖర్చు సమానమయ్యే చోటు 92 గంటల నుంచి సుమారు 51 గంటలకు దిగుతుంది. కొనేముందు పరీక్ష నివేదిక అడగడం మంచిది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఇటువంటి నివేదికలు ఇస్తుంది.

వాడకంలో మెలకువలు

• రెండు స్ట్రోకుల ఇంజినుకు తయారీదారు చెప్పిన పాళ్లలోనే నూనె కలపాలి. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. నూనె లేని పెట్రోలు పోస్తే ఎంత ఖరీదైన ఇంజినైనా పట్టేస్తుంది.
• ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నెలకు మించి వాడకపోతే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి.
• గాలి వడపోతను రోజూ శుభ్రపరచాలి. బ్లేడు వద్ద గేరు పెట్టెకు సుమారు 25 గంటలకొకసారి గ్రీజు చూడాలి.
• బిల్లు, వారంటీ కార్డు, యంత్రంపై ఉన్న వరుస సంఖ్య సరిపోలితేనే కొనాలి. పేరు చూసి కొన్న నకిలీ యంత్రం రెండు విధాలా నష్టం.

ముగింపు

ఖరీదైన యంత్రం అందరికీ అవసరం కాదు, అందరికీ వృథా కూడా కాదు. కొనుగోలుకు ముందు గత ఏడాది ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటల పని పడిందో రాసుకోవాలి. ఆ పని వంద గంటలకు పైబడి, విడిభాగాలు దగ్గరలో దొరుకుతూ, యంత్రం నడిపే మనిషి రోజంతా దానితోనే ఉండేటట్లయితే అదనపు ధర చెల్లించడం లాభదాయకం. యాభై గంటల లోపు పనికి కిరాయి, ఉమ్మడి కొనుగోలు లేదా జాగ్రత్తగా చూసుకునే చౌక యంత్రం సరిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న రైతులు రాయితీ వర్తిస్తుందో లేదో తెలుసుకున్న తరువాతే నిర్ణయం తీసుకోవాలి.