అతిథుల మధ్య గోడలు: ఒకే సర్వర్‌పై మిథ్యాయంత్రాల నెట్‌వర్క్

ఒక మధ్యస్థాయి ఆసుపత్రిలో మూడు పాత కంప్యూటర్లను తీసివేసి, వాటి పనులన్నీ ఒకే కొత్త సర్వర్‌కు అప్పగించాలని నిర్ణయించారనుకుందాం. మొదటిది రోగుల రికార్డులను భద్రపరుస్తుంది. రెండవదానిలో ఉన్నది పదిహేనేళ్ళ నాటి ప్రయోగశాల సాఫ్ట్‌వేర్. అది పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప నడవదు; ఆ సిస్టమ్‌కు భద్రతా సవరణలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా పాత రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి కనుక పారవేయడానికి వీల్లేదు. మూడవది బయటి ప్రపంచానికి కనిపించే ఆసుపత్రి వెబ్‌సైటు. ఇంతకాలం ఈ మూడూ వేర్వేరు గదుల్లో, వేర్వేరు తీగల చివర ఉండేవి. ఇకపై మూడూ ఒకే పెట్టెలో, ఒకే తీగ చివర ఉంటాయి. ఏది దేనితో మాట్లాడవచ్చునో ఇంతకు ముందు గోడలూ తీగలూ నిర్ణయించేవి. ఇప్పుడు ఆ పని సర్వర్‌లో వ్రాసిపెట్టిన కొన్ని పంక్తుల మీద పడింది.

ఆ పంక్తుల విలువ ఎంతటిదో 2017 మే 12న బ్రిటన్‌లో తెలిసివచ్చింది. వానాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ ఇంగ్లండ్ జాతీయ ఆరోగ్య సేవకు చెందిన ట్రస్టులలో సుమారు మూడింట ఒక వంతును ఇబ్బంది పెట్టింది. ఎవరూ ఏ లంకెనూ నొక్కనవసరం లేకుండానే, ఫైళ్ళు పంచుకునే ఒక పాత పద్ధతిలోని లోపాన్ని ఆసరా చేసుకుని, 445వ పోర్టు గుండా అది యంత్రం నుంచి యంత్రానికి పాకింది. వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. కొన్నిచోట్ల అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్ళించవలసి వచ్చింది. ఆ లోపానికి సవరణ మార్చి నెలలోనే విడుదలైంది. సవరణ అందని యంత్రాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటి నుంచి మిగతావాటికి దారి తెరిచి ఉందా లేదా అన్నదే అటువంటి రోజున ముఖ్యమవుతుంది.

అతిథి, ఆతిథేయి

ఒకే కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా భాసింపజేయాలనే ఆలోచన పాతదే. ఐబీఎమ్ సంస్థ 1972లోనే వీఎమ్/370 వ్యవస్థను ప్రకటించింది. లినక్స్ కెర్నల్‌లో ఈ సదుపాయం కేవీఎమ్ పేరుతో 2007లో, 2.6.20 సంచికతో చేరింది. అసలు సర్వర్‌ను ఆతిథేయి అనీ, దానిపై నడిచే ఒక్కొక్క మిథ్యాయంత్రాన్ని అతిథి అనీ వ్యవహరించవచ్చు.

అతిథికి ఒక నెట్‌వర్క్ కార్డు కనిపిస్తుంది. నిజానికి ఆ కార్డు సాఫ్ట్‌వేరే. దాని గుండా అతిథి పంపిన ప్రతి ప్యాకెట్టూ ఆతిథేయి కెర్నల్‌లోని ‘ట్యాప్’ అనే కల్పిత పరికరం దగ్గర తేలుతుంది. అతిథి వెనుక నుంచి వచ్చిన ఒక తీగ రెండవ కొస ఆతిథేయిలో వేలాడుతున్నట్లు ఊహించుకుంటే సరిపోతుంది. ఆ కొసను దేనికి తగిలించాలన్నదే మిథ్యాయంత్రాల నెట్‌వర్క్ అమరికలో మూలప్రశ్న. దీనికి ముఖ్యంగా నాలుగు సమాధానాలున్నాయి.

నాలుగు దారులు

మొదటిది వంతెన, అంటే బ్రిడ్జ్. ఇది ఆతిథేయి లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఒక స్విచ్. అతిథుల తీగలూ సర్వర్ అసలు కార్డూ అన్నీ దీనికే కలుస్తాయి. ప్రతి కార్డుకూ 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుంది. కేవీఎమ్ అతిథుల చిరునామాలు సాధారణంగా 52:54:00 అంకెలతో మొదలవుతాయి. ఏ చిరునామా ఏ తీగ వైపు నుంచి వచ్చిందో వంతెన గమనించి గుర్తుపెట్టుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా 300 సెకన్ల పాటు కొత్త కదలిక లేకపోతే ఆ సంగతి మరిచిపోతుంది. ఈ పద్ధతిలో అతిథి ఆసుపత్రి నెట్‌వర్క్‌లో మిగతా యంత్రాలతో సమానమైన సభ్యత్వం పొందుతుంది. అక్కడి రౌటర్ నుంచే ఐపీ చిరునామా తీసుకుంటుంది. అందరికీ కనిపిస్తుంది, అందరినీ చూస్తుంది.

రెండవది చిరునామా మార్పిడి, అంటే నాట్. ఇక్కడ అతిథులు ఒక అంతర్గత వంతెనకు మాత్రమే కలిసి ఉంటారు. లినక్స్‌లో వీటిని నిర్వహించే లిబ్‌వర్ట్ తనంతట తాను ఏర్పరిచే నెట్‌వర్క్ ఇటువంటిదే: 192.168.122.1 ఆతిథేయిది, తరువాతి సంఖ్యలు అతిథులవి. అతిథి బయటికి పంపే ప్యాకెట్లపై ఆతిథేయి తన చిరునామా అంటించి పంపుతుంది. ఎవరి తరఫున పంపిందో ఒక పట్టికలో వ్రాసుకుని, జవాబు రాగానే అసలు అతిథికి చేరుస్తుంది. బయటివారు తమంతట తాము అతిథిని పలకరించలేరు. పట్టికలో వారికోసం ఏ నమోదూ ఉండదు. కావాలంటే ఒక నిర్దిష్ట పోర్టును అతిథి వైపు మళ్ళించాలి.

మూడవది ఏకాంత నెట్‌వర్క్. వంతెన ఉంటుంది, అతిథులు దానికి కలిసి ఉంటారు. కాని ఆ వంతెన నుంచి బయటికి ఏ దారీ ఉండదు. నాలుగవది రౌటింగ్ పద్ధతి. ఇందులో ఆతిథేయి చిరునామాలను మార్చకుండానే ప్యాకెట్లను అటూ ఇటూ దాటిస్తుంది. అయితే అతిథుల చిరునామాలకు దారి ఈ సర్వర్ గుండానే ఉందని బయటి రౌటర్‌కు ముందుగా తెలిపి ఉంచాలి. అద్దెకు తీసుకున్న సర్వర్లలో కొన్నిచోట్ల ఒక తీగపై ఒకటికి మించి మ్యాక్ చిరునామాలను అనుమతించరు. అక్కడ వంతెన పనిచేయదు, ఈ నాలుగవ దారే పనికివస్తుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డును వంతెనకు తగిలిస్తే విఫలమయ్యేదీ ఇటువంటి కారణంగానే: వైఫై కేంద్రం తనతో నమోదైన కార్డు చిరునామాతో వచ్చినవాటినే స్వీకరిస్తుంది.

కాపలావాడికి కనిపించని సంభాషణ

తరచుగా మరుగునపడే విషయం ఒకటుంది. ఒకే వంతెనకు తగిలించిన ఇద్దరు అతిథులు మాట్లాడుకుంటే ఆ మాటలు సర్వర్ గడప దాటవు. అవి అసలు తీగ మీదికి రావు. కాబట్టి ఆసుపత్రి ప్రవేశద్వారం వద్ద ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టినా, ఆ సంభాషణ దాని కంట పడదు. పాత ప్రయోగశాల యంత్రమూ రోగుల రికార్డులూ ఒకే వంతెన మీద ఉంటే, మొదటిదానికి సోకిన వ్యాధి రెండవదానికి చేరడానికి మధ్యలో ఎవరినీ దాటనక్కరలేదు.

దీనికి విరుగుడు వేర్వేరు అతిథులకు వేర్వేరు వంతెనలు కట్టడం, వాటి మధ్య రాకపోకలు తప్పనిసరిగా ఒక ఫైర్‌వాల్ గుండా సాగేలా చూడడం. ఒకే భౌతికమైన తీగ మీద అనేక వంతెనలను నడపడానికి వీలాన్ పద్ధతి ఉంది. 802.1క్యూ ప్రమాణం ప్రకారం ప్రతి ఫ్రేముకూ 4 బైట్ల చీటీ తగిలిస్తారు. అందులో 12 బిట్లు నెట్‌వర్క్ సంఖ్య. మొదటి, చివరి సంఖ్యలు ప్రత్యేకించినవి కనుక 4094 వేర్వేరు నెట్‌వర్కులు సాధ్యమవుతాయి. సర్వర్ తీగ అవతలి కొస తగిలించిన స్విచ్‌లోనూ అవే సంఖ్యలను అనుమతించాలి. అక్కడ మరిచిపోతే సర్వర్‌లో ఎంత సరిగా వ్రాసినా అతిథి మూగబోతుంది.

అమర్చే క్రమం

మొదటి పని కాగితం మీద జరగాలి. అడ్డంగానూ నిలువుగానూ యంత్రాల పేర్లు వ్రాసి, ఏది దేనితో, ఏ పోర్టులో మాట్లాడాలో గుర్తుపెట్టాలి. గుర్తు లేని గడులన్నీ నిషిద్ధం.

తరువాత వంతెన కట్టాలి. ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. సర్వర్ కార్డును వంతెనకు తగిలించగానే అది ఆ స్విచ్‌కు ఒక పోర్టు మాత్రమే అవుతుంది. దానికి ఉన్న ఐపీ చిరునామాను వంతెనకు మార్చాలి. దూరం నుంచి లాగిన్ అయి ఈ మార్పు చేస్తున్నవారు రెండు ఆదేశాల మధ్య తాము కూర్చున్న కొమ్మనే నరుక్కుంటారు. అందుచేత సర్వర్ కన్సోల్ అందుబాటులో ఉన్నప్పుడే ఈ పనికి పూనుకోవాలి. లేదా నిర్ణీత సమయంలో ధ్రువీకరించకపోతే పాత అమరికకు తిరిగిపోయే ఏర్పాటు చేసుకోవాలి.

ఆ తరువాత పరీక్ష. లక్షణాలను ఒక వరుసలో చూడడం వైద్యంలోనే కాదు, ఇక్కడా మేలు చేస్తుంది. అతిథికి చిరునామా అందిందా? అందకపోతే లోపం వంతెనలోనో వీలాన్‌లోనో ఉంటుంది. ఆతిథేయి పలుకుతోందా? బయటి ఐపీ చిరునామా పలుకుతోందా? ఆతిథేయి పలికి బయటిది పలకకపోతే, నాట్, రౌటింగ్ పద్ధతుల్లో ఐపీ ఫార్వర్డింగ్ అనే అనుమతి తెరిచి ఉందో లేదో చూడాలి. లినక్స్‌లో అది స్వతహాగా మూసి ఉంటుంది. అంకెల చిరునామా పలికి పేరు పలకకపోతే లోపం డీఎన్‌ఎస్‌ది. కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్ కూడా అదే సర్వర్‌లో ఉంటే, అది వ్రాసిపెట్టిన ఫైర్‌వాల్ నియమాలు వంతెన మీది ప్యాకెట్లను సైతం అడ్డగించవచ్చు. నిన్నటి దాకా పనిచేసిన అతిథి హఠాత్తుగా ఆగిపోతే ఆ వైపు చూడాలి.

పనిచేయవలసినవి పనిచేస్తున్నాయని తేలగానే చాలామంది అక్కడితో ఆపేస్తారు. పట్టికలో గుర్తు లేని గడులను కూడా ఒక్కొక్కటిగా ప్రయత్నించి, అవి నిజంగానే విఫలమవుతున్నాయని నిర్ధారించుకోవాలి.

ఇప్పుడు మొదటి ఆసుపత్రికి తిరిగి వస్తే: రికార్డుల యంత్రం సిబ్బంది వీలాన్‌కు చెందిన వంతెన మీద ఉంటుంది. వెబ్‌సైటు మరొక వీలాన్‌లో ఉంటుంది. బయటి నుంచి దానికి ఒకటి రెండు పోర్టులే తెరిచి ఉంటాయి. పాత ప్రయోగశాల యంత్రం ఏకాంత నెట్‌వర్క్‌లో ఉంటుంది. పాత రిపోర్టు చూడవలసిన వైద్యులు సర్వర్ నిర్వాహకులు ఏర్పరిచిన కన్సోల్ గుండా దాని తెరను చూస్తారు. దానికి మాత్రం నెట్‌వర్క్‌లో మరే యంత్రమూ కనిపించదు. ఆ యంత్రానికి సవరణలు ఇకముందూ రావు. దానికి ఏదైనా సోకినా అది రోగుల రికార్డుల దాకా నడిచి వెళ్ళే దారి మాత్రం ఉండదు.