రాగి తీగ లైను ఆపేస్తే మనం చూసుకోవలసినవి

పెరంబూరు, పులియంతోపు, వ్యాసర్పాడి వైపు మన వాళ్ళ ఇళ్ళకు ఈమధ్య ఒక ఉత్తరం వస్తా ఉంది. పాత రాగి తీగ లైను ఆపేస్తాం, ఇంటర్నెట్ కావాలంటే ఫైబర్‌కు మారండి అని అందులో సారం. చదువుకునే పిల్లలకు ఇది పెద్ద విషయం కాదు. పెద్దవాళ్ళకే గాబరా. నంబరు పోతుందా? డిపాజిట్ ఏమవుతుంది? పాత డబ్బా ఎవరికి ఇవ్వాలి?

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. మొదటి ఊళ్ళలో మన మద్రాసు ఒకటి. అప్పుడు ఫోను తీగ మీదే అది నడిచేది. రాగి తీగలో దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. వాన నీళ్ళు జాయింట్లలో దిగితే గరగరమంటుంది. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. దాంట్లో వెలుగు పరుగెత్తుతుంది, అందుకే వేగం. మిల్లులో నూలు తెగితే మనం ముడి వేసేవాళ్ళం. గాజు పోగుకు ముడి పడదు, మెషీను పెట్టి కరిగించి అతకాలి. అందుకని వీధిలో తవ్వి తెంపితే బాగుచెయ్యడానికి మనిషి వచ్చేదాకా కాచుకోవాలి.

ఇంకొక తేడా చాలామందికి చెప్పరు. పాత ఫోనుకు కరెంటు ఎక్స్చేంజి నుంచే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ డబ్బాకు మన ఇంటి కరెంటే కావాలి. 2015 డిసెంబరు వరదల్లో రోజుల తరబడి కరెంటు లేక మనం పడిన బాధ గుర్తుందిగా. ముసలివాళ్ళు, జబ్బు మనుషులు ఉన్న ఇంట్లో డబ్బాకు చిన్న బ్యాటరీ పెట్టుకోండి. సెల్‌ఫోను కూడా ఛార్జి చేసి ఉంచండి.

నంబరు సంగతి. కంపెనీ మారినా అదే నంబరు ఉంచుకునే వసతి సెల్‌ఫోనుకే, ఇంటి ఫోనుకు లేదు. అదే కంపెనీలో ఫైబర్‌కు మారితే పాత నంబరు ఇస్తారా అని ముందే అడగండి. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసినప్పుడు సిగ్నల్ లేక మన తమిళనాడులో జనం ఎంత అల్లాడినారో చూశాం. బ్యాంకుకు, గ్యాసుకు, ఆధార్‌కు, పి.ఎఫ్.కు ఇచ్చిన నంబరు అదే మరి. లైను పోకముందే కొత్త నంబరు అన్నిచోట్లా ఎక్కించాలి.

ఇక డబ్బు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. లైను మూయమని కాగితం రాసిచ్చి, మోడెం డబ్బా ఆఫీసులో అప్పజెప్పాం. అయినా రెండు నెలలు బిల్లు వచ్చింది. అడిగితే డబ్బా అందలేదు అన్నారు. మిల్లు నాటి జీతం చీటీలు కూడా దాచిన మనిషి మా ఇంటావిడ. బీరువాలోంచి రసీదు తీసి కౌంటరు మీద పెట్టింది. సిస్టంలో ఎక్కలేదు, చూస్తాం అన్నాడు ఆ అబ్బాయి. చూడలేదు. కంప్లయింటు నంబరు తీసుకుని అప్పీలు పెట్టినాక బిల్లు రద్దయింది, డిపాజిట్ 500 రూపాయలు బ్యాంకులో పడింది. అయిదొందలకు ఇంత తిరుగుడా అంది కోడలు. మన పెన్షన్ పథకంలో కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. అందులో సగం ఆ డబ్బు.

దీనికి దారి ఇది. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో కంప్లయింటు పెట్టి నంబరు రాసుకోండి. పని జరగకపోతే 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పెట్టాలి. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలని ట్రాయ్ నిబంధన. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలిఫోను కేసులు అక్కడికి పోవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సలహాకు 1915కు ఫోను చెయ్యవచ్చు.

1918 ఏప్రిల్‌లో ఇదే పెరంబూరులో మిల్లు కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. ఒక్కడు పోయి అడిగితే పలకని చోట పదిమంది పోయి అడగడం అప్పుడే నేర్చుకున్నాం. ఒకే వీధిలో పది ఇళ్ళకు ఉత్తరం వస్తే పది ఇళ్ళవాళ్ళూ కలిసే ఆఫీసుకు పోండి. ఉత్తరం, చివరి బిల్లు, డిపాజిట్ రసీదు ఒక కవరులో పెట్టుకోండి. డబ్బా ఇచ్చేటప్పుడు తేదీ, సంతకం, ముద్ర ఉన్న రసీదు చేతికి వచ్చేదాకా కౌంటరు వదిలి రావద్దు.