దారి తప్పిన పార్సెలు



మీ నాయనమ్మగారు గుంటూరు నుండి ఒక పార్సెలు పంపినారనుకోండి. అందులో మీ అక్క ఓణీల వేడుకకు కావలసిన పట్టులంగా ఉన్నది. వేడుక శనివారం. బుధవారం సాయంకాలం నాన్నగారి ఫోనుకు "పార్సెలు అందజేయడమైనది" అని కబురు వచ్చింది. మీరు పరుగున వెళ్ళి తలుపు తీశారు. గుమ్మం ముందు మీ చెప్పులు తప్ప మరేమీ లేవు.

అప్పుడు మనకు తోచేది ఒక్కటే. "ఎవరో ఎత్తుకుపోయారు!" ఆ "ఎవరో" అనే మాట కూడా ఎంతోసేపు నిలవదు. పక్కింట్లో ఒకాయన ఉంటారు. మీ బంతి వారి పెరట్లో పడితే కసురుకుంటారు. మీ చుట్టాలు కారు తెచ్చి వారి ఇంటి ముందు నిలిపితే, చీటీ రాసి అద్దానికి అంటిస్తారు. "ఎవరో" కాస్తా "ఆయనే" అయిపోతుంది. పార్సెలును ఎవరూ చూడలేదు. దొంగ మాత్రం దొరికిపోయాడు!

కొంచెం ఆగండి. దొంగను వెతికే ముందు పార్సెలు నడిచిన దారిని వెతుకుదాం.

చిరునామాను పూర్వం మన పెద్దలు పైవిలాసం అనేవారు. తెలుగునాట పల్లెలలో "ఫలానావారి కుమారుడు, రామాలయం వెనుక" అని రాసి ఊరి పేరు వేస్తే ఉత్తరం చేరిపోయేది. పోస్టుమానుకు ఊరంతా తెలుసు. ఎవరి అమ్మాయి కాపురానికి వెళ్ళిందో, ఎవరి అబ్బాయి పట్నంలో చదువుతున్నాడో కూడా ఆయనకు తెలుసు. అక్కడ చిరునామా అంటే మనిషి. మన ఫ్రీమాంటులో చిరునామా అంటే అంకెలు. పార్సెలు తెచ్చే వానికి మీరు ఎవరో తెలియదు, తెలియవలసిన పని కూడా లేదు.

ఫ్రీమాంటు ఒక్కసారిగా పుట్టిన ఊరు కాదు. సెంటర్‌విల్, నైల్స్, అర్వింగ్టన్, మిషన్ శాన్ హోసె, వార్మ్ స్ప్రింగ్స్ అనే 5 ఊళ్ళు కలిసి 1956లో ఒక నగరమైనవి. నైల్స్‌లో కొన్ని వీధులకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. వాటిలో "ఐ" వీధి ఒకటి. ఆ అక్షరాన్ని తొందరలో రాస్తే 1 అంకెలాగే ఉంటుంది కదా! ఇళ్ళ నంబర్లు చాలా చోట్ల 5 అంకెలవి. 62 రాయబోయి 26 రాస్తే పార్సెలు మరొకరి ఇంటికి పోతుంది. అంతేకాదు, వీధి పేరుకు చివర స్ట్రీట్, కోర్టు, టెర్రస్, కామన్ అనే తోకలు ఉంటాయి. పేరు ఒకటే అయినా తోక మారితే వీధి మారిపోతుంది. మన తెలుగువారు ఈ తోకను అనవసరమనుకుని వదిలివేయడం నేను చాలాసార్లు చూశాను.

పేర్ల చిక్కు మరొకటి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఇక్కడ ఇంటిపేరు చివర. నాయనమ్మగారు మన పద్ధతిలో రాస్తారు. ఇక్కడి కాగితాలలో పేరు ఇక్కడి పద్ధతిలో ఉంటుంది. ఒకే వరుసలో రావుగారి ఇళ్ళు రెండు, రెడ్డిగారి ఇళ్ళు మూడు ఉంటే, పెట్టె మీద "కె. రావు" అని మాత్రమే ఉంటే, తెచ్చినవాడు ఏమి చేస్తాడు? ఏదో ఒక గుమ్మం ముందు పెట్టి పోతాడు.

ఇటువంటి తికమక తగ్గించడానికే అంకెల గుర్తులు వచ్చాయి. అమెరికాలో 1963 జూలై 1న జిప్ కోడు మొదలయింది. 1983లో ఆ 5 అంకెలకు మరి 4 చేర్చుకునే వీలు కల్పించారు. మన దేశంలో 1972 ఆగస్టు 15న పిన్ కోడు వచ్చింది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి మాత్రమే కాదు, సంస్కృత కవి కూడా. భాషలు చదివినవారికి లెక్కలు రావనే వారికి ఈ సంగతి చెప్పండి! పిన్ కోడులో మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలలో ఏదో ఒకటి. గుంటూరుది 522తో మొదలవుతుంది. మన ఫ్రీమాంటు ఇళ్ళవి 94536, 94538, 94539, 94555. ఒహాయోలో ఒక ఫ్రీమాంటు, నెబ్రాస్కాలో మరొక ఫ్రీమాంటు ఉన్నాయి కాబట్టి ఈ అంకెలు మనకు మరీ ముఖ్యం.

అయితే ఈ అంకెలు పార్సెలును పోస్టాఫీసు వరకు తెస్తాయి. అక్కడి నుండి మీ గుమ్మం దాకా తెచ్చేది మనిషే. చీకటి పడుతుండగా, బండి నిండా పెట్టెలతో, నంబరు సరిగా కనబడని గుమ్మాల ముందు దిగి ఎక్కే మనిషి. చాలా పార్సెళ్ళు ఆ చివరి నూరు గజాలలోనే దారి తప్పుతాయి. కాబట్టి మీ పట్టులంగా దొంగ ఇంట్లో కాక, నాలుగిళ్ళ అవతల ఎవరి గుమ్మం ముందో వానకు తడుస్తూ ఉండవచ్చు.

ఇప్పుడు వెతకడం మొదలుపెట్టండి. బట్వాడా చేసినవారు తరచుగా పార్సెలును గుమ్మం ముందు పెట్టి ఒక ఫోటో తీసి పంపుతారు. పార్సెలును కాదు, దాని వెనుక ఉన్నదాన్ని చూడండి. తలుపు రంగు మీదేనా? కాళ్ళు తుడుచుకునే పట్టా మీదేనా? పూలకుండీ ఉన్నదా? గోడ మీద నంబరు ఏమైనా కనబడుతున్నదా? ఫోటో లేకపోతే ముందు మీ ఇంట్లోవారినే అడగండి. అమ్మ లోపల పెట్టి మరచిపోయి ఉండవచ్చు. పెరటి తలుపు, గరాజు వైపు కూడా చూడండి. తరువాత మీ నంబరును పోలిన నంబర్లు ఏ ఇళ్ళకు ఉన్నాయో కాగితం మీద రాసుకోండి.

ఫోటోలోని తలుపు ఆ కసురుకునే పొరుగాయనదే అని తేలిందనుకుందాం. పెట్టె వారి గుమ్మం ముందు మీ కంటికి కనబడుతూనే ఉన్నది. గబుక్కున తెచ్చేసుకుందామా? వద్దు. వారి తలుపు మీద కెమెరా ఉంటుంది. మీది మీరు తెచ్చుకున్నా, అందులో చూసేవారికి అది దొంగతనంలాగే కనబడుతుంది. వారి తపాలా పెట్టెలో చేయి పెట్టడం మరీ ప్రమాదం. తపాలా పెట్టె నుండి పరుల ఉత్తరాలు తీయడం అమెరికాలో పెద్ద నేరం. అంతెందుకు, స్టాంపు లేని చీటీని ఆ పెట్టెలో వేయడం కూడా చట్టం ఒప్పుకోదు. వారు ఇంట్లో లేకపోతే చీటీ రాసి తలుపు దగ్గర ఉంచండి.

వారు ఉంటే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, పగటి వేళ వెళ్ళండి. తలుపు తట్టి రెండడుగులు వెనుకకు నిలవండి. ఇక ఏమనాలి? తెలుగు తరగతిలో నేర్చుకున్న వ్యాకరణం ఇక్కడ అక్కరకు వస్తుంది.

"మీరు మా పార్సెలు తీసుకున్నారా?"

ఈ వాక్యంలో కర్త ఎవరు? "మీరు". క్రియ "తీసుకున్నారా". అడిగినవారు మామూలుగానే అడిగి ఉండవచ్చు. కాని వినేవారికి "నీవు దొంగవా?" అన్నట్టే ఉంటుంది. ఇప్పుడు రెండవ వాక్యం చూడండి.

"మా పార్సెలు పొరపాటున మీ గుమ్మం ముందు పెట్టారేమో, కాస్త చూస్తారా అండీ?"

"పెట్టారేమో" అన్నప్పుడు కర్త పైకి కనబడడు. ఆ కర్త బట్వాడా చేసిన మనిషి. ఎదుట నిలబడిన పొరుగాయన కాదు. చివర "ఏమో" చేరడం వల్ల మనకు గట్టిగా తెలియదని కూడా చెప్పినట్లయింది. "చూస్తారా అండీ" అనేసరికి ఆయన నేరస్థుడు కాదు, సాయం చేయవలసిన పెద్దమనిషి. ఒకే సంగతి, రెండు వాక్యాలు. పొరుగాయనకు తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనైనా ఇదే పద్ధతి: "మీరు" అని మొదలుపెట్టక, "మా పార్సెలు" అని మొదలుపెట్టండి. మనవారైతే అంకుల్ అనో, బాబాయిగారు అనో పిలవడం మీకు అలవాటే. కాని ఇక్కడి పెద్దలను ఇంటిపేరుతో, ముందు మిస్టర్ చేర్చి పిలవడమే మర్యాద.

ఇంత మర్యాదగా అడిగినా ఆయన విసుక్కోవచ్చు. "ఇది మూడోసారి! మీ పెట్టెలు దాచడానికి నేనేమైనా మీ గుమాస్తానా?" అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంటుంది, గమనించండి. అంతకుముందు రెండుసార్లు మీ పార్సెళ్ళు మోసుకువచ్చి మీ గుమ్మంలో పెట్టినది ఆయనే కావచ్చు. అది మీకు ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు "మీకు శ్రమ అవుతున్నది, కంపెనీవారితో మేము మాట్లాడతాం" అని చెప్పి, నిజంగా మాట్లాడాలి. ఇంటి నంబరు పెద్ద అంకెలతో, రాత్రి కూడా కనబడేటట్టు పెట్టుకోవాలి. బంతి తగాదా, కారు తగాదా ఆనాడు ఎత్తకూడదు. ఆయనే ఎత్తితే విని, "ఆదివారం కూర్చుని మాట్లాడుకుందామండీ" అనండి. రెండు తగవులను ఒక గుమ్మంలో కలిపితే పట్టులంగా సంగతి పక్కకు పోతుంది.

"నాకు తెలియదు పొండి" అని ఆయన తలుపు వేసుకుంటే? తలుపు బాదవద్దు. అరవవద్దు. అక్కడి నుండి అది పెద్దల పని. పార్సెలు ఏ చోట అప్పగించిందీ అమెరికా తపాలా శాఖ వారి చేతి యంత్రంలో నమోదవుతుంది. పోస్టాఫీసుకు వెళ్ళి అడిగితే చూస్తారు. వస్తువు అంగడి నుండి కొన్నదైతే అమ్మినవారికి చెప్పాలి. సాధారణంగా వారు మరొకటి పంపడమో, డబ్బు తిరిగి ఇవ్వడమో చేస్తారు. నాయనమ్మగారు పంపినదైతే అక్కడి రసీదు నంబరు కావాలి. ఆ రసీదు పారవేయవద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచండి. తపాలాలో దొంగతనం జరిగిందని నిజంగా ఆధారం ఉంటే విచారించడానికి తపాలా తనిఖీ విభాగం ఉన్నది.

మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "మన గుమ్మం ముందుకు వచ్చింది మనదే కదండీ?" ఈ సందేహానికి కారణం లేకపోలేదు. మనం అడగని వస్తువును ఎవరైనా మన పేరుతో పంపి డబ్బు అడిగితే, ఇవ్వనక్కరలేదు, దానిని కానుకగా ఉంచుకోవచ్చు అని 1970లో అమెరికాలో చట్టం చేశారు. అది మన పేరుతో వచ్చిన వస్తువు మాట. పెట్టె మీద పరుల పేరు ఉంటే అది పరులదే. తపాలాలో వచ్చిన పరుల ఉత్తరాన్ని గాని, పార్సెలును గాని కావాలని దాచినా, రహస్యం తెలుసుకోవాలని విప్పినా 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. సొంతదారు ఎవరో తెలిసి కూడా, దొరికిన వస్తువును చేర్చే ప్రయత్నం చేయక ఉంచుకుంటే కాలిఫోర్నియా చట్టం దానిని దొంగతనం అంటుంది. భారతదేశంలో 1872 నాటి ఒప్పందాల చట్టం, 72వ సెక్షనులో, పొరపాటున చేతికి వచ్చిన వస్తువును తిరిగి ఇచ్చి తీరాలని ఎప్పుడో చెప్పింది. అటువంటి కవరులో ఒక తాతగారి మందులు ఉండవచ్చు. ఎవరిదో పాస్‌పోర్టు ఉండవచ్చు. కాబట్టి మీ ఇంటికి పరుల పార్సెలు వస్తే విప్పవద్దు. ఇల్లు దగ్గరైతే పెద్దలతో వెళ్ళి ఇచ్చి రండి. లేకపోతే మరునాడు పోస్టుమాను చేతికి ఇచ్చి, చిరునామా తప్పని చెప్పండి.

పార్సెలు తగవు నిజంగా పార్సెలుది కాక, ఎన్నాళ్ళుగానో పేరుకున్న పొరుగు తగవు అయితే దానికీ దారి ఉన్నది. మనకు దగ్గరలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 1976లో కమ్యూనిటీ బోర్డ్స్ అనే సంస్థ మొదలయింది. రేమండ్ షోన్‌హోల్ట్జ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దానిని స్థాపించాడు. శిక్షణ పొందిన మామూలు పౌరులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మన రచ్చబండ గుర్తుకు వస్తున్నదా? ఒక తేడా ఉన్నది. రచ్చబండ దగ్గర పెద్దలు తీర్పు చెప్పేవారు. ఇక్కడ మధ్యవర్తులు తీర్పు చెప్పరు. ఒప్పందం ఇరువురే చేసుకోవాలి. భారతదేశంలో రాజీ కుదిర్చే లోక్ అదాలతులకు 1987 నాటి చట్టం ఆధారం.

ఇక పార్సెలు చేతికి వచ్చాక చాలామంది మరచిపోయే పని ఒకటి ఉన్నది. ఫిర్యాదు చేసినచోటికి ఫోను చేసి, వస్తువు దొరికిందని చెప్పాలి. చెప్పకపోతే అంగడివారు రెండవది కూడా పంపుతారు. ఆ రెండవ పెట్టె వచ్చిందంటే, అది మీరు డబ్బు ఇచ్చి కొన్నది కాదు. దానిని విప్పక, తిరిగి పంపాలా అని అమ్మినవారిని అడగండి. ఈసారి బట్వాడా మనిషి దానిని కూడా పక్కింటి గుమ్మం ముందే పెట్టి పోతే, తలుపు తట్టి ఏ వాక్యంతో మొదలుపెట్టాలో మీకు తెలుసు.