అరచేతి చెమట

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ ఎండకు గాలిలోని తేమ కూడా తోడైనచో రాజమండ్రి నుండి అమలాపురం వరకు చెమట పట్టని మనిషి ఉండడు. తడిగాలిలో చెమట ఆరదు; ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుచేతనే పొడిగాలి వీచే అనంతపురం కంటె మన డెల్టాలో ఉక్క అధికం. ఇది వాతావరణ లక్షణమే గాని వ్యాధి కాదు.

మనమిచ్చట ముచ్చటింపదలచినది వేరొక చెమటను గురించి. పుష్యమాసపు చలిలో సైతం అరచేతుల నుండి చుక్కలుగా కారే చెమటను వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. మనం అతిస్వేదం అనవచ్చును.

మానవ చర్మంలో 20 నుండి 40 లక్షల స్వేదగ్రంథులు కలవు. అరచేతులలో, అరికాళ్ళలో ఇవి మిక్కిలి దట్టంగా ఉంటాయి. మెదడు ఆజ్ఞ నాడుల ద్వారా వచ్చి, వాటి చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాగా గ్రంథులు చెమటను స్రవిస్తాయి. అతిస్వేదం గలవారిలో గ్రంథుల సంఖ్య ఎక్కువ కాదు; వాటికందే ఆజ్ఞయే అతిగా ఉంటుంది. కనుక అట్టివారిని పిరికివారని వేళాకోళం చేయుట అన్యాయం. భయం చెమటను పెంచుట నిజమే. కాని ఆ చెమటయే మరల భయమును పెంచుచున్నదని ఎందరు గుర్తింతురు?

పరీక్షలలో అరచేతి క్రింద రుమాలు పరచుకొని వ్రాసే విద్యార్థులను మనం ఏటేటా చూస్తూనే ఉన్నాము. సిరా అలుక్కుపోయిన జవాబు పత్రమును దిద్దేవారు అశ్రద్ధగా భావింపవచ్చును. తడివ్రేళ్ళను వేలిముద్ర యంత్రం ఒక పట్టాన గుర్తించదు. ఈద్ నమాజు పిమ్మట ముసాఫహాకు చేయి చాచుటకు సంకోచించేవారూ కలరు. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక సర్వే ప్రకారం నూటికి దాదాపు ముగ్గురికి ఈ బాధ ఉన్నది. వారిలో సగం మంది కూడా వైద్యునితో చెప్పుకొనలేదు. సిగ్గు అన్ని దేశాలలోనూ ఒక్కటే కాబోలు!

ఈ అతిస్వేదం సాధారణంగా 25 ఏండ్ల లోపే ప్రారంభమై, రెండు చేతులకూ సమానంగా పట్టి, నిద్రలో ఆగిపోతుంది. తరచు ఇంటిలో మరియొకరికి కూడా ఉంటుంది. అట్లుగాక రాత్రివేళ పక్కబట్టలు తడిసి, సాయంకాలపు జ్వరంతో బరువు తగ్గుచున్నచో క్షయ ఉన్నదేమో పరీక్ష చేయించవలెను. గుండెదడ, చేతివణుకు తోడైనచో థైరాయిడ్‌ను అనుమానింపవలెను. మధుమేహానికి మందు వాడేవారికి హఠాత్తుగా చెమట పట్టుట రక్తంలో చక్కెర పడిపోవుటకు గుర్తు కావచ్చును; స్పృహలో ఉన్నచో తక్షణమే చక్కెర ఇవ్వవలెను. ఛాతీనొప్పితో చల్లని చెమట పట్టినచో ఆసుపత్రికి చేర్చుటలో క్షణం ఆలస్యం తగదు.

చికిత్స లేకపోలేదు. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణమును రాత్రి పొడిచర్మంపై రాసి ఉదయం కడుగుట మొదటి మెట్టు. నీటి పళ్ళెంలో చేతులుంచి స్వల్ప విద్యుత్తును పంపే పద్ధతి మరియొకటి. బొటులినమ్ సూదిమందు కొన్ని నెలలు పనిచేస్తుంది గాని ఖరీదెక్కువ. ఛాతీలోని నాడిని కత్తిరించే శస్త్రచికిత్సతో చేతులు ఆరినా, వీపున, తొడలపై చెమట పెరగవచ్చును. మన ఉక్కలో అది ఎంతమాత్రం చిన్న బాధ కాదు. కనుక దానిని చిట్టచివరకే తలపెట్టవలెను. కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం కలదు; మొదట అచ్చట చూపించుకొనవచ్చును.

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒక్కటే: ఇట్టి విద్యార్థులకు పరీక్షలో ఫ్యాను క్రింద చోటు, చేతి క్రింద పరచుకొనుటకు ఒక అద్దుడు కాగితం ఇప్పించవలెను.