తుప్పు కూడా సాక్ష్యమే: పాత స్పోర్ట్స్ కారు ధర వెనుక లోహశాస్త్రం

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టా పక్కభాగాన్ని గమనిస్తే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. తయారుచేసిన సంస్థ, సంవత్సరం, ఆ ఉక్కు ఏ విడతలో కరిగిందో చెప్పే హీట్ నంబరు వాటిలో ఉంటాయి. ఏళ్ల తరువాత ఆ పట్టాలో లోపం బయటపడితే, ఆ నంబరు పట్టుకుని నాటి పరీక్షల వివరాల దాకా వెళ్లవచ్చు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచి ఉక్కునే నమ్ముకున్న ఊరు ఇది. ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. లోహానికీ ఊరూ పేరూ ఉంటాయని వారికి వేరే చెప్పనక్కర్లేదు.

పాత స్పోర్ట్స్ కార్ల ధరలు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. కారు ఎంత మెరుస్తోంది అన్నదాని కంటే, అందులోని లోహం ఫ్యాక్టరీ నుంచి వచ్చినదేనా అన్న ప్రశ్నకే విలువ ఎక్కువ.

దుమ్ముతోనే కోట్లు

2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఒక వేలం జరిగింది. ఫ్రాన్స్‌లోని ఒక ఎస్టేట్ షెడ్లలో దశాబ్దాలుగా పడి ఉన్న కార్లను తుడవకుండా, దుమ్ముతో సహా అమ్మకానికి పెట్టారు. వాటిలో 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ సుమారు 1.63 కోట్ల యూరోలు పలికింది. ఒకప్పుడు అది నటుడు అలెన్ డెలాన్ వాడిన కారు.

2020 జనవరిలో అమెరికాలో మరో ఉదాహరణ. ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన 1968 ఫోర్డ్ మస్టాంగ్ వేలంలో 34 లక్షల డాలర్ల పాట పలికింది. 1974లో ఒక కుటుంబం దాన్ని 6,000 డాలర్లకు కొనుక్కుంది. వెలిసిన రంగును, సొట్టలను, షూటింగ్ కోసం చేసిన మార్పుల ఆనవాళ్లను వారు అలాగే ఉంచారు. రంగు వేయించి ఉంటే కారు అందంగా కనిపించేది. కానీ అది సినిమాలో పరుగెత్తిన కారే అని చెప్పే సాక్ష్యం చాలావరకు పోయేది.

అరగదీసినా చెరగని నంబరు

పాత కారు కొనేవారు మొదట చూసేది ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్ నంబర్లు. అవి ఫ్యాక్టరీ రికార్డులతో సరిపోతే ధర పెరుగుతుంది. అందుకే మోసాలూ ఇక్కడే ఎక్కువ. పాత నంబరును అరగదీసి కొత్తది కొడతారు.

అయితే లోహం అంత సులువుగా మరచిపోదు. చల్లని ఉక్కు మీద అచ్చు కొట్టినప్పుడు పైకి కనిపించే గుంటతో పని అయిపోదు. దాని అడుగున ఉన్న స్ఫటికాలు కూడా నలిగిపోతాయి. పైపొరను అరగదీసినా ఆ నలిగిన భాగం కొంత లోతు వరకు మిగిలే ఉంటుంది. కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూస్తే, నలిగిన చోట రసాయన చర్య వేరుగా జరిగి పాత అంకెలు మసకగా పైకి తేలుతాయి. ఫోరెన్సిక్ ప్రయోగశాలలు దొంగ వాహనాలను గుర్తించడానికి వాడే పద్ధతే ఇది.

రంగు కింద ఏముంది?

తరువాతి పరీక్ష రంగుకు. రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం ఉక్కు మీద అయస్కాంత ప్రేరణతోనూ, అల్యూమినియం మీద ఎడ్డీ విద్యుత్ ప్రవాహాలతోనూ పనిచేస్తుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒకచోట అంకె హఠాత్తుగా 1,000 మైక్రాన్లు దాటితే అక్కడ సొట్టనో, తుప్పు రంధ్రాన్నో పుట్టీతో పూడ్చారని అనుమానించాలి.

ఆవగింజంత రంగు పెచ్చును సూక్ష్మదర్శిని కింద అడ్డంగా చూస్తే పొరలను లెక్కపెట్టవచ్చు. పరారుణ వర్ణపట విశ్లేషణ ఆ రంగు ఏ రసాయనంతో చేసిందో చెబుతుంది. 1950ల కారు మీద నైట్రోసెల్యులోజ్ లక్కకు బదులు నేటి పాలీయురెథేన్ కనిపిస్తే, అది తరువాత వేసిన రంగే.

తుప్పును ఎంతవరకు ఉంచాలి?

ఒరిజినల్ అన్నంత మాత్రాన ప్రతి తుప్పునూ కాపాడుకోకూడదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసే చోట చిన్న విద్యుత్ ఘటం లాంటిది ఏర్పడి ఇనుము కరుగుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఈ చర్య వేగం పుంజుకుంటుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రేకుల అతుకులు ఉబ్బి విడిపోతాయి.

1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ వంటి కార్లలో ఉక్కు బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది పెట్టె భాగాలు లోపలినుంచి తుప్పు పట్టిపోతే కారు నడపడమే ప్రమాదం. అక్కడ మరమ్మతు తప్పదు. ఆ మరమ్మతు నాణ్యతే ధరను నిర్ణయిస్తుంది.

మంచి పునరుద్ధరణ చేసేవారు చెడిన భాగాన్నే కోసి, అదే మందం రేకును అతుకుతారు. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్ ఉన్నచోట, అంతే దూరంలో మళ్లీ స్పాట్ వెల్డింగే చేస్తారు. ప్రతి దశనూ ఫోటో తీస్తారు. విప్పిన పాత భాగాలను పారేయరు. చవక మరమ్మతులో రంధ్రం మీద పుట్టీ రాసి రంగు కొడతారు. వేడికి పుట్టీ, ఉక్కు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. పగులు వచ్చి, తేమ చేరి, తుప్పు లోపలే పెరుగుతుంది. అలాంటి మెరుగు కారు విలువను తగ్గిస్తుంది.

చట్టానికీ అదే కొలమానం

మన దేశంలో 2021 జూలైలో వచ్చిన నిబంధనలు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లకు వింటేజ్ గుర్తింపునిచ్చాయి. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్తగా రిజిస్టర్ చేయడానికి రుసుము 20,000 రూపాయలు. షరతు ఒక్కటే ముఖ్యం: వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లను గణనీయంగా మార్చి ఉండకూడదు.

కాబట్టి ఇంటి వెనక మూలన పాత ఫియట్ ఉన్నా, స్పోర్ట్స్ కారు ఉన్నా, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే ముందు ఫోటోలు తీయాలి. నంబరు ప్లేట్లను, ఆర్‌సీ పుస్తకాన్ని, పాత బిల్లులను భద్రపరచాలి. ఛాసిస్ నంబరు ఉన్నచోట సానరాయి పెట్టనివ్వకూడదు.

తుక్కుగా అమ్మేసిన కారు చివరికి ఏదో ఒక ఉక్కు కొలిమికి చేరుతుంది. సుమారు 1,600 డిగ్రీల వేడిలో ఉక్కు పోదు, మరో వస్తువై తిరిగివస్తుంది. నలిగిన స్ఫటికాల్లో దాగిన అంకెలు మాత్రం అక్కడితో కరిగిపోతాయి. వాటిని తిరిగి తేల్చే ద్రావణం ఏ ప్రయోగశాలలోనూ లేదు.