కడుపునొప్పి నుంచి పరిశోధన దాకా.. ఆ దారిలో మీకూ చోటుంది!

మా కణేకల్‌లో కడుపునొప్పి అంటే అందరూ చెప్పే పేరు ఒకటే.. గ్యాస్. మా చిన్నాన్నకూ అదే చెప్పారు. "గ్యాసప్పా, సోడా తాగితే పోతుంది" అన్న మాట పట్టుకుని కొన్నేళ్లు నెట్టుకొచ్చాడు. నొప్పి భరించలేక చివరికి బళ్లారి వెళ్లి స్కానింగ్ తీయిస్తే క్లోమంలో రాళ్లున్నాయని తేలింది. అప్పటికే షుగరూ వచ్చేసింది. చుక్క మందు ముట్టని మనిషి. "నాకెందుకొచ్చింది నాయనా?" అని ఆయన నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్నాలజీ బ్లాగు!

ఆ జవాబు కోసం వెతుకుతూ పోతే నాకు రెండు విషయాలు తెలిశాయి. అదే ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసిన తెలుగు డాక్టరు ఒకరున్నారు. ఆ పనిలో డాక్టర్లు కానివాళ్లకూ బోలెడు ఉద్యోగాలున్నాయి. రెండోది మీకు పనికొస్తుంది కాబట్టే ఈ వ్యాసం.

కర్నూలులో మొదలైన చదువు

ఆ డాక్టరు డి.నాగేశ్వర్‌రెడ్డి. 1956లో విశాఖపట్నంలో పుట్టారు. ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎండీ, చండీగఢ్ పీజీఐలో గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం చేశారు. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేశారు. ఆపైన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించారు. ఇప్పుడు అందరూ ఏఐజీ అంటున్నది దాన్నే. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

అవార్డులు సరే. ఆయన కెరీర్‌లో మనం గమనించాల్సింది ఇంకొకటుంది. రోజూ రోగుల్ని చూసే డాక్టరు, వాళ్ల దగ్గర ఎదురైన ప్రశ్నను ల్యాబు దాకా తీసుకెళ్లారు.

బోరు మోటారుకు స్టార్టర్ ఉన్నట్టు..

మందు అలవాటు లేనివాళ్లకు, చిన్న వయసులోనే క్లోమం వాచి రాళ్లు కట్టే జబ్బు మన దక్షిణాదిలో ఎక్కువ. చాలాకాలం దీన్ని పోషకాహార లోపం ఖాతాలో వేశారు. కేరళలో ఈ కేసులు ఎక్కువగా కనిపించడంతో అక్కడివాళ్లు తినే కర్రపెండలాన్నీ అనుమానించారు. మరి కర్రపెండలం తినని ఊళ్లలోనూ వస్తోందే?

అసలు సంగతి అర్థం కావాలంటే మన పొలంలోని బోరు గుర్తు చేసుకోండి. కరెంటు తేడాగా వస్తే స్టార్టర్ ట్రిప్పయి మోటారును కాపాడుతుంది. క్లోమంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. మాంసకృత్తుల్ని అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైము పేగులోకి వెళ్లాకే పని మొదలుపెట్టాలి. పొరపాటున క్లోమంలోనే మొదలుపెడితే దాన్ని ఆపడానికి ఒక ప్రొటీన్ ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పేరు స్పింక్-1. అందులో తేడా ఉంటే రక్షణ బలహీనపడి, క్లోమం తనను తానే అరిగించుకునే ప్రమాదం పెరుగుతుంది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త గిరిరాజ్ చందక్, నాగేశ్వర్‌రెడ్డి, వాళ్ల సహచరులు కలిసి ఈ జబ్బున్న మనదేశపు రోగుల డీఎన్ఏను పరిశీలించారు. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్య క్లోమవ్యాధికి కారణమని అప్పటికే తేలిన ట్రిప్సినోజెన్ జన్యువు కన్నా, మన రోగుల్లో స్పింక్-1లోని మార్పులకే జబ్బుతో బలమైన సంబంధం ఉందని 2002లో ప్రచురించారు. అయితే ఆ మార్పు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. ఇంకా వేరే కారణాలూ తోడవ్వాలి. మా చిన్నాన్నకు ఇది వివరిస్తే "అయితే నా తప్పేం లేదన్నమాట" అన్నాడు. ఊళ్లో అంతా ఆయన్ని దొంగచాటుగా తాగుతాడని అనుకునేవాళ్లు మరి!

కారణం వెతకడంతోనే పని ఆగలేదు. క్లోమం నాళంలోని రాళ్లను బయటి నుంచి షాక్‌వేవ్‌లతో పొడిచేసి, ఆ ముక్కల్ని ఎండోస్కోపీతో తీసే చికిత్సపై ఏఐజీ బృందం 2010లో వెయ్యికి పైగా రోగుల అనుభవాన్ని ప్రచురించింది. దాదాపు నలుగురిలో ముగ్గురికి రాళ్లు పూర్తిగా పోయాయి. ఇలా లెక్క కట్టాలంటే ప్రతి రోగి వివరమూ పద్ధతిగా రాసిపెట్టాలి. ఆ పని చేయడానికీ మనుషులు కావాలి కదా!

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారా?

అయితే ఇది మీ కోసమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు వెల్లడించారు. వాళ్లలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. 71 శాతం మందికి ఊబకాయం. గంటల తరబడి కూర్చోవడం, పని ఒత్తిడి, నిద్ర సరిగా లేకపోవడం వంటివి కారణాలుగా చెప్పారు. ఇది ఒక్క నగరంలో, కొద్దిమంది మీద చేసిన అధ్యయనం. దేశంలోని ఐటీవాళ్లందరికీ అదే శాతం అంటించేయకూడదు. కానీ ఇది చదివాక నేనూ వెళ్లి స్కాన్ తీయించుకున్నాను. గ్రేడ్-1 ఫ్యాటీ లివర్! రోజూ సాయంత్రం నడక అప్పుడే మొదలుపెట్టా.

మీ డిగ్రీకి ఏ దారి?

ఎంబీబీఎస్: ఐదున్నరేళ్లు ఇది, మూడేళ్లు ఎండీ, మరో మూడేళ్లు డీఎం. మొత్తం పదకొండున్నరేళ్లు. పరిశోధన మీద ఇష్టముంటే చదువుకుంటూనే ఐసీఎంఆర్ వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలల చిన్న ప్రాజెక్టు.

ఎమ్మెస్సీ లైఫ్‌సైన్సెస్: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ వంటి జేఆర్‌ఎఫ్ పరీక్షలు రాయండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, ఆ తర్వాత సీనియర్‌గా రూ.42 వేలు. ఇంటి అద్దె భత్యం అదనం.

బీఫార్మసీ, నర్సింగ్, బీఎస్సీ: క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరొచ్చు. రోగికి అధ్యయనం గురించి అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవడం, ఫాలోఅప్, రికార్డులు వీళ్ల పని. మన యాసలో రోగితో మాట్లాడటం తెలిసినవాళ్లకు ఇక్కడ విలువ ఎక్కువ.

బీటెక్, స్టాటిస్టిక్స్: జన్యు డేటా విశ్లేషణకు బయోఇన్ఫర్మాటిక్స్, ఎండోస్కోపీ వీడియోలో తేడాల్ని పట్టుకోవడానికి ఏఐ. పైథాన్, ఆర్ నేర్చుకోండి. వాటితోపాటు జీవశాస్త్రం కూడా ఓపిగ్గా చదవాలి. నాలాంటోళ్లు తప్పించుకునేది అక్కడే!

"అయిదేండ్లా? అంతవరకూ ఇల్లెట్ల?"

మా పక్కింటి అమ్మాయి అనంతపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసింది. పీహెచ్‌డీ అనగానే వాళ్లమ్మ అడిగిన మాట ఇది. తప్పేం లేదు. వాన పడితేనే వేరుశనగ పండే ఇంట్లో అయిదేళ్లంటే చిన్న సంగతి కాదు. బెంగళూరులో నెలకు పదిహేను వేల ఉద్యోగం ఆ అమ్మాయి చేతిలో ఉంది.

నేను లెక్క వేసి చూపించా. జేఆర్‌ఎఫ్ వస్తే చదువుకుంటూనే ఇంటికి డబ్బు పంపొచ్చు. రాకపోతే? అదీ చెప్పా. పోటీ గట్టిది, మొదటిసారే వస్తుందన్న గ్యారంటీ లేదు. పీహెచ్‌డీ అయ్యాక కూడా పర్మనెంట్ ఉద్యోగానికి ఎదురుచూపులుంటాయి. అందుకే ముందు ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టులకు దరఖాస్తు చేసి, జీతం తీసుకుంటూ నెట్‌కు చదవమన్నా. ఒక గడువు కూడా పెట్టుకోమన్నా.. రెండేళ్లు, నాలుగు ప్రయత్నాలు. వాళ్లమ్మ సరే అంది, అయితే గడువు గోడ మీది క్యాలెండర్‌లో రాయించింది!

మీరూ ఈ వారం ఒక పని చేయండి. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఐసీఎంఆర్ వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ నోటిఫికేషన్ల పేజీ తెరిచి, అర్హతల్ని మీ రెజ్యూమెతో పోల్చుకోండి. ఏది తక్కువైందో కాగితం మీద రాసుకోండి. వచ్చే ఆర్నెల్లలో మీరు నేర్చుకోవాల్సింది అదే.